మందసం పడిపోతుందని చెయ్యి చాపిందెవరు?



పోయిన ఆదివారం ఉజ్జా గురించిన వీడియో పెట్టిన తర్వాత ఒక సహోదరి ఫోన్ చేసి అడిగింది. "అన్నా, మందసం పడిపోతుంటే పట్టుకున్నోణ్ణి దేవుడు ఎందుకు చంపిండు? ఆయన మంచిపనే చేసిండు కదా?" వీడియోలో నేను లేవీయుల గురించి, ఎడ్లబండి గురించి, దావీదు గురించి చాలా చెప్పాను. కానీ ఆమె అడిగిన దానికి మాత్రం జవాబు చెప్పలేదు. తెలియక కాదు. ఆ జవాబు చెప్పాలంటే నా సంగతి ఒకటి బయటపెట్టాలి. కెమెరా ముందు నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పదకొండేళ్ల కింద నేను మా సంఘంలో పెద్దగా ఉండేవాణ్ణి. ఆదిలాబాద్‌లో చలి కొరికే నెల. మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. చిన్న చిన్న గ్లాసులు పేర్చిన ట్రే నా చేతిలో ఉంది. మూడో వరుసలో ఒక ముసలాయన గ్లాసు తీసుకుంటుంటే ఆయన మోచెయ్యి తగిలి ట్రే ఒక పక్కకు ఒరిగింది. పక్కనే కూర్చున్న పిల్లవాడు, ఎనిమిదేళ్లుంటాయేమో, ఠక్కున లేచి రెండు చేతులతో ట్రే అంచు పట్టుకున్నాడు. ఒక్క చుక్క కింద పడలేదు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వాడింకా బాప్తిస్మం తీసుకోని పిల్లవాడు. చేతులు కడుక్కున్నాడో లేదో తెలియదు. వాడి చేతి మీద కొట్టాను. గట్టిగానే తగిలింది. "ముట్టుకోవద్దని తెల్వదా? ఉజ్జా ఎట్ల సచ్చిండో సండే స్కూల్ల చెప్పలేదా?" అని అందరి ముందరే అన్నాను. వాడి తల్లి పత్తి జిన్నింగ్ మిల్లులో కూలికి పోయే మనిషి. భర్త లేడు. కొడుకును దగ్గరికి లాక్కుని తల దించుకుంది. ఆ మరుసటి ఆదివారం నుంచి వాళ్లిద్దరూ రాలేదు.

నన్నెవరూ తప్పుపట్టలేదు. ఆరాధన అయ్యాక ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా. దేవుని వస్తువులంటే ఆమాత్రం భయం ఉండాలె అన్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. నా మనసుకు సర్ది చెప్పుకోవడానికి 2 సమూయేలు 6వ అధ్యాయం ఉండనే ఉంది.

భయం మనకు కొత్త కాదు. పుస్తకానికి కాలు తగిలితే చాలు, తీసి కళ్లకద్దుకుంటాం. ఎవరూ పాఠం చెప్పరు, చిన్నప్పుడే చేతికి అలవాటవుతుంది. మా బాపు బైబిలు చదివేముందు చేతులు కడుక్కునేవాడు. దాని మీద ఇంకో పుస్తకం పెట్టనిచ్చేవాడు కాదు. ఈ భయంలో తప్పేమీ లేదు. ఇది నాది కాదు, నా ఇష్టమొచ్చినట్టు వాడుకోవడానికి కాదు అని చెయ్యి దానంతట అదే వెనక్కి తగ్గడం మంచిదే. అసలు ప్రశ్న వేరే. ఆ భయం ఎవరికి ఉండాలి? దేని గురించి ఉండాలి?

మందసం నిజానికి పెద్ద వస్తువేమీ కాదు. తుమ్మకర్రతో చేసిన పెట్టె. రెండున్నర మూరల పొడుగు, మూరన్నర వెడల్పు, మూరన్నర ఎత్తు. లోపల, బయట బంగారు రేకు. నాలుగు ఉంగరాలు, వాటిలో మోతకర్రలు. ఆ కర్రలను ఎప్పటికీ ఉంగరాల్లోంచి తియ్యకూడదని నిర్గమకాండం 25లో ఉంది. అంటే చేసినప్పుడే ముట్టుకోకుండా మోసే ఏర్పాటు చేశారు. ముట్టుకుంటే ప్రమాదం అని ఊరికే బెదిరించి వదిలెయ్యలేదు. ముట్టుకోవాల్సిన అవసరమే రాకుండా దారి చూపించారు.

సంఖ్యాకాండం 4 ఇంకోసారి తీసి నెమ్మదిగా చదవండి. కహాతీయులు పరిశుద్ధమైన వాటిని ముట్టుకుంటే చస్తారు అన్న మాట దగ్గరే మనం ఆగిపోతాం. కానీ ఆ హెచ్చరిక కంటే ముందు పెద్ద పని ఒకటి ఉంది. విడిది ఎత్తేటప్పుడు అహరోను, అతని కుమారులు ముందు లోపలికి వెళ్లాలి. అడ్డతెర దించి మందసం మీద కప్పాలి. దాని మీద తోళ్లు, ఆ పైన నీలిబట్ట వెయ్యాలి. కర్రలు సరిచూడాలి. ఇదంతా అయ్యాకే కహాతీయులు మోయడానికి రావాలి. అదే అధ్యాయంలో మోషేకు, అహరోనుకు ఆజ్ఞ ఇంకా స్పష్టంగా ఉంది. కహాతీయులు నాశనం కాకుండా చూసుకునే బాధ్యత మీదే, ఒక్కొక్కరికి వాళ్ల పని మీరే అప్పజెప్పండి అని దాని భావం. హెచ్చరిక మోసేవాళ్ల గురించే. కానీ బరువు పడింది పెద్దల మీద. కింది మనిషి చావకుండా చూడడం పై మనిషి పని.

ఇది నాకు చాలా ఏళ్లు కనబడలేదు. కనబడేటట్టు చేసింది ఏ ప్రసంగమూ కాదు, ఇంద్రవెల్లి రోడ్డు.

నేను ఉట్నూరు రూట్లో బస్సు కండక్టరుగా పనిచేశాను. రిటైర్ కాబోయే ముందు చలికాలం, ఒకరోజు ఉట్నూరు దాటి ఇంద్రవెల్లి వైపు పోతుంటే డ్రైవర్ బండి పక్కకు తీసి ఆపాడు. ఎదురుగా మెస్రం వంశస్థుల పాదయాత్ర. మన జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. దూరాన ఉన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్య రాత్రి గోండుల నాగోబా జాతర మొదలవుతుంది. దానికి ముందు మెస్రం వంశంవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని కాలినడకన గోదావరికి వెళ్తారు. జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగులో నీళ్లు ముంచి, ఝరి అనే పాత్రలో తెస్తారు. ఆ ఝరిని తెల్లబట్టలో చుట్టి మోస్తారు, దారిలో నేలమీద పెట్టరు. కేస్లాపూర్ చేరాక మర్రిచెట్ల కింద విడిది చేసి, అమావాస్య రాత్రి ఆ నీళ్లతో నాగోబాకు అభిషేకం చేస్తారు. వాళ్ల కొలుపు వేరు, మన విశ్వాసం వేరు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఒక పవిత్రమైన వస్తువును ఇన్ని రోజులు, ఇంత దూరం, ఇంత జాగ్రత్తగా మోసేవాళ్లను నేను బైబిల్లో చదివానే తప్ప కళ్లతో చూడలేదు. కహాతీయులు ఇట్లాగే నడిచి ఉంటారు అనిపించింది.

బస్సులో ఒక గోండు మాస్టారు ఉన్నారు. ఆయన చెప్పులు విడిచి కిందికి దిగారు. నేనూ దిగాను. అప్పుడొక చిన్నపిల్ల, ఐదారేళ్లది, తల్లి చెయ్యి విడిపించుకుని ఝరి మోసే పెద్దమనిషి కాళ్లకు అడ్డంగా ఉరికింది. నా గుండె ఝల్లుమంది. ఇప్పుడు ఆ పిల్లకు దెబ్బలు తప్పవు అనుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆగి, ఝరిని ఇంకొంచెం పైకి ఎత్తి పట్టుకున్నాడు. పక్కనున్న ఇంకో మనిషి ఆ పిల్లను ఎత్తుకుని తల్లికిచ్చాడు. నడక మళ్లీ సాగింది. అంతే.

బస్సెక్కాక మాస్టారును అడిగాను. "సార్, ఆ పాప తగిలితే ఎట్ల? తిట్టకపోయిరి?"

ఆయన నవ్వి, "మోసేటోడు జాగ్రత్త పడాలె అన్నా. చిన్నపిల్లకేం తెలుసు?" అన్నారు.

ఆ మాట ఆయనకు మామూలు మాట. నాకు మాత్రం ఇంద్రవెల్లి వచ్చేదాకా టికెట్లు కొట్టబుద్ధి కాలేదు. ఆ ఆదివారం ట్రే మోసింది నేను. దాన్ని ఎత్తి పట్టుకోవలసింది నేను. దెబ్బ తిన్నది పిల్లవాడు.

ఇంటికి పోయి మళ్లీ ఉజ్జా కథ తీశాను. ఈసారి వేరేగా చదివాను. ఉజ్జా అబీనాదాబు కొడుకు. మందసం ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇంట్లోనే ఉంది. రోజూ కళ్ల ముందు ఉన్న వస్తువు, అలవాటైపోయిన వస్తువు. దాన్ని ఎడ్లబండి మీద ఎక్కించారు. బండి ఆలోచన ఎక్కడిది? అంతకుముందు ఫిలిష్తీయులు మందసాన్ని తిప్పి పంపేటప్పుడు కొత్త బండి మీద పంపారు. వాళ్లకు ధర్మశాస్త్రం తెలియదు, బండి మీద పంపారు, బాగానే చేరింది. మోషే కాలంలో మాత్రం ప్రధానులు ఆరు బండ్లు, పన్నెండు ఎడ్లు ఇస్తే, గెర్షోనీయులకు రెండు బండ్లు, మెరారీయులకు నాలుగు బండ్లు ఇచ్చి, కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు. వాళ్లు భుజాల మీద మోయాలి కాబట్టి. సంఖ్యాకాండం 7లో ఉంది చూడండి.

అయితే బండి తప్పు ఉజ్జాది ఒక్కడిదేనా? కాదు. ఎవరో కాదు, దావీదే తర్వాత ఒప్పుకున్నాడు. 1 దినవృత్తాంతములు 15లో లేవీయులను పిలిపించి, మొదటిసారి మనం విధి ప్రకారం చెయ్యలేదు, అందుకే ఇట్లా జరిగింది అన్న భావంతో మాట్లాడాడు. రెండోసారి భుజాల మీద మోయించాడు. రాజు పెట్టిన ఏర్పాటు తప్పు. చనిపోయింది బండి తోలినవాడు. ఇది చదివితే నాకిప్పటికీ బాధే. దావీదుకు కూడా మొదట కోపమే వచ్చిందని, తర్వాతే భయం వేసిందని గ్రంథంలో దాచకుండా రాశారు. సహోదరీ, నీకు ఉజ్జా మీద జాలి కలిగిందంటే నీ విశ్వాసం తక్కువైందని కాదు. దావీదుకు కలిగిందే నీకూ కలిగింది.

ఆ దెబ్బ ఎందుకంత కఠినంగా పడిందో పూర్తిగా విప్పి చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ ఉజ్జా చెయ్యి చాపడంలో ఉన్న ఆలోచన ఒకటి ఉంది. నేను పట్టుకోకపోతే దేవుడు పడిపోతాడు! అదే మందసం ఫిలిష్తీయుల చేతిలో ఏడు నెలలుంది. అష్డోదులో దాగోను గుడిలో పెడితే తెల్లారేసరికి దాగోను బోర్లా పడి ఉన్నాడు. కాపలా ఎవరూ లేరు, ఒక్క లేవీయుడూ లేడు. అయినా పడింది మందసం కాదు, దాగోను. అలాంటి దేవునికి నా చెయ్యి ఆసరా కావాలా?

ఇక్కడే నాకు దెబ్బ తగిలింది. ఇన్నాళ్లూ ఆ కథలో నేను ధర్మశాస్త్రం తెలిసిన లేవీయుణ్ణి, ఆ పిల్లవాడు ఉజ్జా అనుకున్నాను. తిరగేసి చూస్తే ఉజ్జాను నేనే. వాడు పట్టుకున్నది ఒలికిపోయే గ్లాసులను. నేను చెయ్యి లేపింది దేవుని పవిత్రతను కాపాడడానికి. ఆ పని నాకెవరూ ఇవ్వలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే సమూయేలు మొదటి గ్రంథం 21లో దావీదు సౌలుకు భయపడి పారిపోతూ నోబుకు వస్తాడు. ఆకలి. ఐదు రొట్టెలుంటే ఇమ్మని యాజకుడైన అహీమెలెకును అడుగుతాడు. అక్కడ ఉన్నవి సన్నిధి రొట్టెలు. యాజకులు తప్ప ఇంకెవరూ తినకూడనివి. అహీమెలెకు ఒక మాట అడిగి, ఇచ్చేశాడు. ఆకాశం నుంచి అగ్ని రాలేదు. దేవుడు ఎవరినీ చంపలేదు. వందల ఏళ్ల తర్వాత విశ్రాంతిదినాన పంటచేలో శిష్యులు వెన్నులు తుంచుకుని తిన్నారని పరిసయ్యులు తప్పుపట్టినప్పుడు, మన ప్రభువు గుర్తుచేసింది ఈ సంగతినే. మత్తయి 12.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పవిత్ర వస్తువును కాపాడబోయిన చెయ్యి అక్కడే పడిపోయింది. పవిత్ర వస్తువును ఆకలి కోసం అడిగిన చెయ్యికి రొట్టె దొరికింది. దేవుని వస్తువులకు మన కాపలా కంటే, దేవుని మనుషులకు మన కాపలా ఎక్కువ అవసరం అని నాకు అర్థమైంది.

నాగోబా జాతరలో కూడా ఇట్లాంటిదొకటి ఉంది. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, ఆ దశాబ్దంలోనే హైమెండార్ఫ్ చొరవతో ఆ జాతరలో దర్బారు మొదలైంది. ఇప్పటికీ అధికారులు వచ్చి కూర్చుంటారు, గూడేలవాళ్లు భూమి గోడు, నీళ్ల గోడు చెప్పుకుంటారు. ఎన్ని గోడులు తీరాయన్నది వేరే సంగతి. కానీ దేవుడి దగ్గరికి వచ్చిన మనిషి గోడు వినాలె అన్న ఆలోచన మంచిది. మన ఆరాధన అయ్యాక మూడో వరుసలో ఎవరు ఏడుస్తున్నారో మనం చూస్తున్నామా?

భయం లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పకపోతే ఈ మాట ఒంటికాలి మీద నిలబడుతుంది. ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు కాలంలో ఇశ్రాయేలీయులు యుద్ధంలో ఓడి నాలుగువేల మందిని పోగొట్టుకున్నారు. మనమేం తప్పు చేశామని వెతుక్కోలేదు. షిలోహు నుంచి మందసం తెప్పించారు, అది మనల్ని గెలిపిస్తుందని. మందసం శిబిరంలోకి రాగానే నేల అదిరేటట్టు కేకలు వేశారు. మరుసటి యుద్ధంలో ముప్పైవేల మంది చచ్చారు, మందసం పోయింది, ఏలీ కొడుకులిద్దరూ పోయారు. వాళ్లకు మందసం మీద నమ్మకం తక్కువై కాదు, ఎక్కువై. భయమే లేదు. దేవుణ్ణి తాయెత్తు చేసుకున్నారు.

మోషే ఎత్తిన ఇత్తడి సర్పం సంగతీ అంతే. అది ఒకప్పుడు ప్రాణాలు కాపాడింది. తర్వాత తరాలు దానికి ధూపం వెయ్యడం మొదలుపెడితే హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు. మోషే చేతివస్తువు అని వెనుకాడలేదు. ఇది మన దిక్కు కూడా చూసుకోవాలి. జ్వరమొస్తే బైబిలు దిండు కింద పెడతాం, తెరిచి చదవం. ప్రార్థన చేసిన నూనెసీసా తలుపు మీద వేలాడదీస్తాం, పక్కింటివాళ్లతో మాట్లాడం. వస్తువుకు భయపడి, ఆ వస్తువు ఎవరిదో ఆయన మాటకు భయపడకపోవడం సులువు. వస్తువు మనల్ని ఏమీ అడగదు కదా.

కాబట్టి ఆ సహోదరి అడిగిన ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. పవిత్రమైన దాని దగ్గర భయం ఉండాలి. అది ముందు మోసేవాడికి ఉండాలి, చూసేవాడికి కాదు. నా చేతిలో ఉన్నది నాది కాదు అనే భయం. నా నిర్లక్ష్యం వల్ల చిన్నవాడు చెడిపోతాడేమో అనే భయం. ఇంకొకరిని బెదిరించడానికి వాడుకున్న రోజు అది దేవుని భయం కాదు, నా పెత్తనం.

చివరి సంగతి. ఈ చలికాలం పత్తి సీజన్లో ఆ తల్లి నాకు మార్కెట్ రోడ్డులో కనబడింది. గుర్తుపట్టి "వందనాలు సార్" అన్నది. నేను ఆగి, ఆ రోజు నేను చేసింది తప్పమ్మా, క్షమించు అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "మీరు కొట్టిండ్రని రాకపోవుడు కాదు సార్. ఆ రాత్రి పిలగానికి జొరమొచ్చింది. 'అవ్వా, నేను గూడ ఉజ్జా లెక్క సచ్చిపోతనా' అని తెల్లార్లు ఏడ్చిండు. మళ్ల తీస్కవస్తె ఏమైతదో అని నాకే భయమైంది."

ఎనిమిదేళ్ల పిల్లవాడు దేవుడు తనను చంపడానికి వస్తున్నాడని ఒక రాత్రంతా మేలుకున్నాడు. ఆ దేవుణ్ణి వాడికి పరిచయం చేసింది నేను.

వాడిప్పుడు ఐటీఐ చదివి పుణె దిక్కు పనిచేస్తున్నాడట. నంబరు తీసుకున్నాను. మూడు వారాలు ఫోన్ చెయ్యలేకపోయాను. ఆ సహోదరి ప్రశ్న విన్న రాత్రి చేశాను. నేనెవరో చెప్పాను, జరిగింది చెప్పాను, క్షమించమన్నాను. అవతల మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. వాడు "యాదికున్నది అంకుల్" అన్నాడు. ఇంకొంచెంసేపాగి, "ఆ ట్రే అయితే పడలే కదా" అన్నాడు.

పడలేదు బిడ్డా, నువ్వు పట్టుకున్నవ్ అన్నాను. ఇంటికొచ్చినప్పుడు కలుస్తా అన్నాడు. సంఘానికి వస్తాడో రాడో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

ఇది చదువుతున్నవాళ్లలో పెద్దలున్నారు, సండే స్కూల్ టీచర్లున్నారు, తల్లిదండ్రులున్నారు. దేవుని పేరుతో మీరు భయపెట్టిన చిన్నవాడు ఎవరైనా ఉంటే, ఈ వారమే వెళ్లి కలవండి. అప్పుడు ఉజ్జా కథ మళ్లీ చదవండి.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, నీవు పడిపోయేవాడివి కావని మాకు గుర్తుచెయ్యి. నీ వస్తువులు మోసే చేతులకు వణుకునివ్వు, చిన్నవాళ్ల మీద లేచే చేతులను ఆపు. నిన్ను తలుచుకుని రాత్రంతా మేలుకున్న పిల్లలకు నీవెవరో నీవే తెలియజెయ్యి. ఆమేన్.